జ్వరంతో పాటు కామెర్లు కనబడితే ఏం చేయాలి: ఎలుక జ్వరంలో కాలేయాన్ని, ప్రాణాన్ని కాపాడుకునే విధానం

ఊడ్పుల రోజుల్లో గాని, వరద నీరు తీసిన రెండు మూడు వారాల్లో గాని ఒక మనిషికి విపరీతమైన జ్వరం వచ్చి, ఐదారు రోజులకు కళ్లు పచ్చబడితే, ఇంట్లోనూ వీధిలోనూ ముందుగా వినిపించేది పసరు మందు ప్రస్తావనే. ఆ సలహా వల్ల ఆస్పత్రికి చేరవలసిన మనిషి మరో నాలుగైదు రోజులు ఉప్పు లేని మజ్జిగన్నం తింటూ ఇంట్లోనే ఉండిపోతాడు. జ్వరం, కామెర్లు ఒకే సమయంలో ఉన్నాయంటే అది ఎలుక జ్వరం కావచ్చు. వైద్యులు దీన్ని లెప్టోస్పైరోసిస్ అంటారు. తొలి రోజుల్లో చాలా సాధారణమైన, చౌకైన యాంటీబయాటిక్‌కు లొంగే ఈ జబ్బు, వారం పది రోజులు వదిలేస్తే కాలేయం, మూత్రపిండాలు, ఊపిరితిత్తుల దాకా వెళ్లి ప్రాణం మీదికి తెస్తుంది. ఏ దశలో ఏం గమనించాలి, వైద్యుడికి ఏం చెప్పాలి, ఏం చేయకూడదు అన్నది ఇక్కడ వరుసగా చెబుతాను. ఇది వైద్యుడికి బదులుగా వాడుకునే సమాచారం కాదు, వైద్యుడి దగ్గరికి సకాలంలో, సరైన వివరాలతో చేరడానికి ఉపయోగపడే సమాచారం.

ముందుగా జబ్బు దారి తెలుసుకోండి

జ్వరం, కామెర్లు, మూత్రపిండాల దెబ్బ కలిసి వచ్చే ఈ జబ్బును 1886లో జర్మనీ వైద్యుడు అడాల్ఫ్ వైల్ వివరించారు. అందుకే దీని తీవ్ర రూపాన్ని ఇప్పటికీ వైల్స్ డిసీజ్ అంటారు. దీనికి మూలం లెప్టోస్పైరా అనే మెలికలు తిరిగిన సన్నని బాక్టీరియా అని 1915 ప్రాంతంలో జపాన్‌లో ఇనాడా, ఇడో అనే పరిశోధకులు తేల్చారు. ఈ బాక్టీరియా ఎలుకల మూత్రపిండాల్లో నివసిస్తుంది. ఎలుకకు దాని వల్ల పెద్దగా ఇబ్బంది ఉండదు గాని, అది మూత్రం పోసిన ప్రతిసారీ బాక్టీరియా బయటికి వస్తుంది. ఎలుకలే కాదు, ఆవులు, గేదెలు, పందులు, కుక్కలు కూడా దీన్ని మోస్తాయి. ఎండ తగిలి పొడిబారిన నేలలో ఇది త్వరగా చచ్చిపోతుంది. నీరు నిలిచిన పొలంలో, మురుగు కాలువ ఒడ్డున, తడి ఆరని పశువుల పాకలో మాత్రం వారాల తరబడి బతికి ఉంటుంది. ఆ నీటిలో దిగిన మనిషి పాదాల పగుళ్ల నుంచి, వేళ్ల సందుల్లో నాని చీలిన చర్మం నుంచి, చిన్న గాయాల నుంచి, కళ్లు, ముక్కు, నోటి లోపలి పొరల నుంచి శరీరంలోకి ప్రవేశిస్తుంది. ప్రవేశించిన తరువాత జ్వరం రావడానికి సాధారణంగా 5 నుంచి 14 రోజులు పడుతుంది; 2 రోజుల్లోనే రావచ్చు, 30 రోజుల దాకా ఆగనూ వచ్చు.

కాలేయానికి ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆస్పత్రిలో మీరు వినే మాటలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. హెపటైటిస్ వైరస్ సోకినప్పుడు కాలేయ కణాలు పెద్ద సంఖ్యలో చనిపోతాయి. ఎలుక జ్వరంలో అలా జరగడం అరుదు. ఈ బాక్టీరియా కణాలకూ కణాలకూ మధ్య ఉన్న అతుకుల్లోకి చొచ్చుకుపోతుంది. ఇటుకలు గట్టిగానే ఉండి వాటి మధ్య సున్నం రాలిపోయిన గోడలా కాలేయం తయారవుతుంది. ఆ సందుల్లోంచి పైత్యరసం రక్తంలోకి కారిపోవడం వల్ల కళ్లు, చర్మం, మూత్రం పచ్చబడతాయి. పైకి కనిపించే పసుపు రంగు భయంకరంగా ఉన్నా, కణాలు చాలావరకు బతికే ఉంటాయి గనుక, రోగి ప్రాణంతో బయటపడితే కాలేయం సాధారణంగా పూర్తిగా కోలుకుంటుంది. ఈ విషయం రోగి కుటుంబానికి ఎవరైనా స్పష్టంగా చెప్పాలని నేను కోరుకుంటాను.

అయితే దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి. మద్యం వల్ల గాని, హెపటైటిస్ బి, సి వల్ల గాని, ఏళ్ల తరబడి ఉన్న కొవ్వు వల్ల గాని ఇప్పటికే గట్టిపడిన కాలేయం ఈ దెబ్బను తట్టుకోలేదు; అలాంటివారిలో నిజమైన కాలేయ వైఫల్యం కొద్ది రోజుల్లోనే రావచ్చు. రెండోది, తీవ్రమైన ఎలుక జ్వరంలో ప్రాణం తీసేది చాలాసార్లు కాలేయం కాదు, దానితో పాటే దెబ్బతినే మూత్రపిండాలు, రక్తస్రావమయ్యే ఊపిరితిత్తులు. కామెర్లు కంటికి కనబడతాయి, మిగతావి కనబడవు. అందువల్ల కామెర్లను ఇతర అవయవాలకు కూడా ముప్పు మొదలైందని చెప్పే హెచ్చరికగా తీసుకోవాలి.

మొదటి పని: గడిచిన 30 రోజులు గుర్తు చేసుకోండి

జ్వరం వచ్చిన రోజే, మతి సరిగ్గా ఉన్నప్పుడే, గత నెల రోజుల్లో ఎక్కడ నీటిలోనో బురదలోనో దిగారో ఆలోచించండి. వరి నాట్లు, దమ్ము చేయడం, కలుపు తీయడం, చెరకు నరకడం, చేపల చెరువు పని, మురుగు కాలువ పూడిక తీయడం, పశువుల పాక శుభ్రం చేయడం, పందుల పెంపకం, కబేళా పని, పశువైద్యం ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. పొలం మొహం చూడనివారు కూడా వరద రోజుల్లో ముప్పులో పడతారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి మునిగినప్పుడు వేలాది మంది నడుములోతు నీటిలో నడిచారు. మురుగు, చచ్చిన జంతువులు, ఎలుకల బొరియల నుంచి వచ్చిన నీరు అన్నీ అందులో కలిసినవే. 2005 జూలై వరదల తరువాత ముంబయిలోనూ, 2018 ఆగస్టు వరదల తరువాత కేరళలోనూ ఈ జబ్బు పెచ్చుపెరిగింది. సెలవులకు ఊరికి వచ్చి పొలంలోనో కాలువలోనో దిగి, తిరిగి విదేశానికి వెళ్లాక జ్వరం వచ్చినవారు ఈ సంగతిని అక్కడి వైద్యుడికి తప్పక చెప్పాలి, లేకపోతే ఈ జబ్బు ఆయన ఆలోచనలోకి రాకపోవచ్చు.

రెండో పని: తొలి లక్షణాలను పట్టుకోండి

మొదటి వారంలో ఇది ఏ ఇతర జ్వరంలాగైనా కనబడుతుంది. ఒక్కసారిగా చలితో జ్వరం, భరించలేని తలనొప్పి, ఒళ్లు నొప్పులు, వాంతులు ఉంటాయి. డెంగీ, టైఫాయిడ్, మలేరియా, పొదల్లోని చిన్న పురుగుల కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా ఇలాగే మొదలవుతాయి గనుక ఇంట్లో కూర్చుని తేల్చడం సాధ్యం కాదు. కానీ అనుమానాన్ని బలపరిచే గుర్తులు రెండు ఉన్నాయి, వాటిని ఇంట్లోనే చూడవచ్చు.

రోగిని పగటి వెలుతురులో, కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. ట్యూబులైటు వెలుగులో పసుపు రంగు సరిగ్గా తెలియదు. కింది రెప్పను బొటనవేలితో కొద్దిగా కిందికి లాగి, పైకి చూడమనండి. తెల్లగుడ్డు మీద ఎర్రటి నరాలు ఉబ్బి కళ్లు ఎర్రగా ఉండి, అయినా పుసి గాని, చీము గాని, రెప్పలు అతుక్కోవడం గాని లేకపోతే, అది కళ్లకలక కాదు. ఎలుక జ్వరంలో తరచుగా కనిపించే గుర్తు. అదే సమయంలో తెల్లగుడ్డు పైభాగంలో పసుపు ఛాయ ఉందేమో చూడండి. ఆ తరువాత పిక్కలను చేతితో మెల్లగా నొక్కండి. మామూలు జ్వరపు ఒళ్లునొప్పులైతే రోగి ఓర్చుకుంటాడు. ఈ జబ్బులో పిక్కలు, నడుము కండరాలు ఎంత నొప్పిగా ఉంటాయంటే, ముట్టుకోగానే కాలు వెనక్కి లాక్కుంటాడు, కొందరు నడవలేకపోతారు.

ఇక్కడ ఒక మోసం ఉంది. కొందరిలో మొదటి వారం చివర జ్వరం తనంతట తానే తగ్గి, ఒకటి రెండు రోజులు తేలికగా ఉంటుంది. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ తరువాత జ్వరం మళ్లీ తిరగబెట్టి, కామెర్లతోనో మూత్రం తగ్గడంతోనో కనబడితే, అప్పటికి జబ్బు రెండో దశలోకి వెళ్లినట్టు. ఈ జబ్బు సోకినవారిలో ఎక్కువ మంది తేలికపాటి జ్వరంతోనే బయటపడతారు, సుమారు నూటికి 5 నుంచి 10 మందిలో తీవ్ర రూపం దాలుస్తుంది. ఆ కొద్దిమందిలో మీ మనిషి ఉంటాడో లేదో ముందుగా చెప్పలేం గనుక, జ్వరం తగ్గిందన్న కారణంతో పరీక్షలు మానవద్దు.

మూడో పని: ఇంట్లో ఏం చేయకూడదో గుర్తుంచుకోండి

పసరు మందు గురించి నిక్కచ్చిగా చెప్పాలి. హెపటైటిస్ ఎ వంటి వైరస్ కామెర్లు చాలావరకు వాటంతట అవే కొన్ని వారాల్లో తగ్గుతాయి. ఆ సమయంలో పసరు తాగినవారు పసరు వల్లే తగ్గిందని నమ్మడం సహజం. ఆ నమ్మకమే ఎలుక జ్వరంలో ప్రమాదకరమవుతుంది, ఎందుకంటే ఈ బాక్టీరియాకు యాంటీబయాటిక్ పడాలి, అది ఎంత ముందుగా పడితే అంత మేలు. వైరస్ కామెర్లలో సాధారణంగా కళ్లు పచ్చబడే సమయానికి జ్వరం తగ్గిపోతుంది. కళ్లు పచ్చబడ్డాక కూడా జ్వరం కొనసాగుతుంటే అది వేరే జబ్బని పెద్దలకు ఓపికగా వివరించండి. కళ్లలో, ముక్కులో పసరు పోయించడం, చేతి మీద వాత పెట్టించడం చేయవద్దు. వాత గాయం మరో ఇన్ఫెక్షన్‌కు తలుపు తెరుస్తుంది, ఏ ఆకు కలిపారో తెలియని పసరు అసలే దెబ్బతిన్న కాలేయానికి అదనపు భారమవుతుంది.

నొప్పుల కోసం డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి ఇంజెక్షన్లు, మాత్రలు వేయించుకోవద్దు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లగానే ఒళ్లునొప్పులకు పడేది సాధారణంగా ఈ సూదే. ఇది మూత్రపిండాలను దెబ్బతీయగల మందు, ఈ జబ్బులో అవి అప్పటికే ఆపదలో ఉంటాయి. జ్వరానికి పారాసిటమాల్ వాడవచ్చు గాని వైద్యుడు చెప్పిన మోతాదు దాటకూడదు. కామెర్లు కనబడ్డాక ఆయనను అడగకుండా వేయవద్దు. మద్యం చుక్క కూడా ముట్టకూడదు.

నాలుగో పని: ఆస్పత్రికి వెళ్లి, వివరాలు చెప్పండి

నీటిలో, బురదలో దిగిన మనిషికి జ్వరం రెండు రోజులు దాటితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. కామెర్లు కనబడితే మాత్రం అక్కడ ఆగకుండా, ఆ రోజే, మూత్రపిండాల పరీక్షలు, డయాలిసిస్, ఐసీయూ ఉన్న ఏరియా ఆస్పత్రికో, జిల్లా ఆస్పత్రికో, బోధనాసుపత్రికో చేరాలి. 108కి ఫోన్ చేసేటప్పుడు జ్వరంతో పాటు కామెర్లు ఉన్నాయని, మూత్రం తగ్గితే ఆ సంగతి కూడా చెప్పండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద ఏ మేరకు చికిత్స అందుతుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను చేరిన రోజే అడగండి. ఆధార్, రేషన్ కార్డులు వెంట తీసుకెళ్లండి.

బయలుదేరే ముందు ఒక చీటీ రాసుకోండి. రద్దీగా ఉన్న ఓపీలో వైద్యుడికి దొరికేది కొద్ది నిమిషాలు. ఆ నిమిషాల్లో ‘జ్వరం, కామెర్లు’ అని మాత్రమే చెబితే ఆయన ఆలోచన వైరల్ హెపటైటిస్ వైపు వెళ్లడం సహజం. చీటీలో ఈ విధంగా ఉండాలి: ‘జ్వరం మొదలై ఈ రోజుకు 6వ రోజు. నిన్నటి నుంచి కళ్లు పచ్చగా ఉన్నాయి. జ్వరానికి ముందు 10 రోజులు నాట్లకు వెళ్లారు, కాలి వేళ్ల మధ్య పుండ్లున్నాయి. పిక్కలు బాగా నొప్పి. నిన్న ఉదయం నుంచి మూత్రం తక్కువగా, ముదురు రంగులో వస్తోంది. రెండు సూదులు వేయించాం, మందు చీటీ ఇదిగో. షుగర్ లేదు, మద్యం అలవాటు ఉంది.’ మద్యం సంగతి దాచవద్దు, కాలేయానికి ఎంత ముప్పు ఉందో అంచనా వేయడానికి అది అవసరం. పాత హెపటైటిస్ రిపోర్టులు ఉంటే తప్పక తీసుకెళ్లండి. చివరగా, ‘ఇది లెప్టో అయ్యే అవకాశం ఉందా, డాక్టర్ గారూ’ అని మర్యాదగా అడగండి. మంచి వైద్యులు ఆ ప్రశ్నను తప్పుగా తీసుకోరు.

ఐదో పని: రిపోర్టులను అర్థం చేసుకోండి

ఈ జబ్బును నిర్ధారించే పరీక్షకూ, జ్వరం వచ్చిన రోజు లెక్కకూ సంబంధం ఉంది. మొదటి వారంలో బాక్టీరియా రక్తంలో ఉంటుంది గనుక పీసీఆర్ పరీక్ష పనికొస్తుంది. సర్కారు ఆస్పత్రుల్లో ఎక్కువగా చేసే ఐజీఎం ఎలైజా పరీక్ష శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలను వెతుకుతుంది. అవి సుమారు 5 నుంచి 7 రోజుల తరువాత గాని తగినంతగా కనబడవు. కాబట్టి మూడో రోజున చేసిన ఎలైజా నెగెటివ్ వస్తే జబ్బు లేదని అర్థం కాదు. కొన్ని రోజుల తరువాత మళ్లీ చేయించాలా అని అడగండి. అన్నిటికన్నా నమ్మకమైన మ్యాట్ పరీక్ష కొన్ని పెద్ద ప్రయోగశాలల్లోనే ఉంటుంది, రెండు వారాల తేడాతో తీసిన రెండు నమూనాలు కావాలి; దాని ఫలితం వచ్చేదాకా చికిత్స ఆపరు, ఆపకూడదు కూడా. అనుమానం బలంగా ఉంటే వైద్యుడు రిపోర్టు కోసం చూడకుండానే యాంటీబయాటిక్ మొదలుపెడతాడు. పరీక్షే పూర్తికాకుండా మందెందుకని వాదించవద్దు.

కాలేయం రిపోర్టులో ఒక చిత్రమైన పొంతనలేమి కనబడుతుంది, అదే చాలాసార్లు ఈ జబ్బును పట్టిస్తుంది. కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్ మామూలుగా సుమారు 1 దగ్గర ఉండాల్సింది 10, 20, కొందరిలో 30 దాకా పెరుగుతుంది. అదే సమయంలో కణాలు చనిపోతే పెరిగే ఎస్‌జీపీటీ మాత్రం సాధారణంగా 200 లోపే ఉంటుంది. వైరల్ హెపటైటిస్‌లోనైతే ఎస్‌జీపీటీ తరచుగా 1000 దాటుతుంది. కండరాలు దెబ్బతిన్నందువల్ల సీపీకే పెరగడం, తెల్లకణాలు పెరగడం, ప్లేట్‌లెట్లు లక్షా యాభై వేల కంటే తగ్గడం, మూత్రపిండాలు దెబ్బతిన్నందువల్ల క్రియాటినిన్ పెరగడం దీనికి తోడైతే అనుమానం ఇంకా బలపడుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గాయని చూడగానే డెంగీ అని తీర్మానించుకోవడం మన దగ్గర మామూలైపోయింది. డెంగీలో ఇంతగా కళ్లు పచ్చబడటం అరుదని గుర్తుంచుకోండి. ఒంటి మీద, ముఖ్యంగా చంకల్లో, గజ్జల్లో, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉందేమో కూడా వైద్యుడికి చూపించండి. అది స్క్రబ్ టైఫస్ గుర్తు. అదీ కాలేయాన్ని దెబ్బతీయగలదు, దానికీ డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది.

ఒక్క రిపోర్టు కన్నా రోజురోజుకూ మారే తీరు ముఖ్యం. బిలిరుబిన్, క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు, ఐఎన్‌ఆర్ (ఇది రక్తం గడ్డకట్టే తీరును చెబుతుంది) అంకెలను తేదీల వారీగా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రోగిని ఇంకో ఆస్పత్రికి మార్చవలసి వస్తే అక్కడి వైద్యుడికి ఆ కాగితం ఎంతో పనికొస్తుంది.

ఆరో పని: చికిత్స సాగేటప్పుడు దగ్గరుండి గమనించండి

తేలికపాటి జబ్బుకు పెద్దవారికి సాధారణంగా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు 7 రోజులు ఇస్తారు; గర్భిణులకు, చిన్న పిల్లలకు దానికి బదులు అమోక్సిసిలిన్ వంటివి వాడతారు. డాక్సీసైక్లిన్ మాత్రను నిండు గ్లాసు నీళ్లతో, కూర్చుని మింగించి, వెంటనే పడుకోనివ్వకండి. పాలతో, గ్యాస్ మందులతో, ఐరన్ మాత్రలతో కలిపి ఇస్తే అది సరిగ్గా ఒంటికి పట్టదు. కామెర్లు, మూత్రపిండాల సమస్య ఉన్నవారికి పెన్సిలిన్ గాని సెఫ్‌ట్రియాక్సోన్ గాని నరానికి ఎక్కిస్తారు. మొదటి మోతాదు పడ్డ కొన్ని గంటల్లో కొందరికి ఒణుకు, జ్వరం ఎక్కువ కావచ్చు. అది ఒకేసారి చచ్చే బాక్టీరియా వల్ల వచ్చే ప్రతిస్పందన కావచ్చు. వెంటనే నర్సుకు చెప్పండి, కానీ మందు పడలేదని మీరే తీర్మానించుకుని ఆపమని పట్టుబట్టవద్దు.

ఆస్పత్రిలో రోగి తోడుగా ఉన్నవారు చేయగలిగిన పనుల్లో మూత్రం కొలవడం చాలా విలువైనది. ఖాళీ లీటరు నీళ్ల సీసాకు మూతి కోసి, పక్కన పావు లీటరు చొప్పున గీతలు గీసి, ప్రతిసారీ ఎంత వచ్చిందో, ఏ సమయానికో రాయండి. రోజు మొత్తం మీద అరలీటరు కంటే తక్కువైతే రాత్రయినా సరే డ్యూటీ డాక్టరుకు చెప్పాలి. అయితే మూత్రం బాగానే వస్తోంది కదా అని ధీమా పడవద్దు. ఈ జబ్బులో తొలిదశలో మూత్రం మామూలుగానే వస్తూ క్రియాటినిన్ లోలోపల పెరిగిపోవచ్చు. డయాలిసిస్ అవసరమని చెబితే జంకకండి, చాలామందికి అది కొద్ది రోజుల పాటే కావాలి. మూత్రపిండాలు కోలుకోగానే ఆపేస్తారు.

కింది మార్పుల్లో ఏది కనబడినా క్షణం ఆలస్యం చేయవద్దు. పగలంతా మగతగా ఉండి రాత్రి మెలకువగా ఉండటం, పిల్లల పేర్లు తడబడటం, అర్థం లేకుండా మాట్లాడటం, చేతులు ముందుకు చాపి వేళ్లు పైకెత్తమంటే అరచేతులు టపటపా కిందికి వాలిపోవడం ఇవి కాలేయం విఫలమై మెదడుకు విషపదార్థాలు చేరుతున్న సూచనలు. దగ్గులో రక్తపు జీర, ఆయాసం కనబడితే ఊపిరితిత్తుల్లో రక్తస్రావం మొదలైందని అనుమానించాలి. ఈ ఉపద్రవం వచ్చినవారిలో సగానికి మించి చనిపోయిన సందర్భాలు ఉన్నాయి గనుక, వెంటిలేటర్ ఉన్న చోటికి అప్పటికప్పుడు మార్చాలి. నల్లటి విరేచనం, చిగుళ్ల నుంచి రక్తం, సూది గుచ్చిన చోట రక్తం ఆగకపోవడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఐఎన్‌ఆర్ పెరిగిందంటే రక్తం గడ్డకట్టే గుణం తగ్గిందని అర్థం. దానికి విటమిన్ కె, అవసరమైతే ప్లాస్మా ఇస్తారు. రక్తదాతలను సిద్ధం చేయమని వైద్యుడు చెప్పకముందే కుటుంబంలో ఎవరి గ్రూపు ఏమిటో తెలుసుకుని ఉంచండి.

భోజనం సంగతి వేరుగా చెప్పాలి. కామెర్లు అనగానే ఉప్పు, నూనె, పప్పు అన్నీ మాన్పించి మనిషిని నీరసపరచడం మన అలవాటు. అసలే జ్వరంతో కరిగిపోతున్న ఒంటికి ఆహారం కావాలి. అన్నం, పలచటి పప్పు, ఇడ్లీ, గుడ్డు రోగి తినగలిగితే, వైద్యుడు వద్దనకపోతే పెట్టవచ్చు. కానీ మనం మంచిదనుకుని ఆస్పత్రికి తీసుకెళ్లే కొబ్బరి బొండాల్లో, పండ్ల రసాల్లో పొటాషియం ఎక్కువగా ఉంటుంది. మూత్రం తగ్గిన రోగికి అది గుండె లయను దెబ్బతీస్తుంది. కొబ్బరి నీళ్లు ఇవ్వవచ్చా, రోజుకు ఎన్ని నీళ్లు తాగాలి అన్న రెండు ప్రశ్నలను రోజూ ఉదయం రౌండ్లకు వచ్చిన వైద్యుడిని అడిగి, ఆ రోజుకు ఆ ప్రకారమే నడుచుకోండి.

ఇది మనిషి నుంచి మనిషికి అంటడం చాలా అరుదు. రోగి పక్కన కూర్చోవచ్చు, ముట్టుకోవచ్చు, అన్నం తినిపించవచ్చు. మూత్రం తాకినప్పుడు మాత్రం గ్లౌజులు వేసుకోండి, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి, మరుగుదొడ్డిని బ్లీచింగ్ పౌడర్‌తో శుభ్రం చేయండి.

ఏడో పని: ఇంటికి వచ్చాక, మళ్లీ పనిలో దిగే ముందు

కామెర్లు పూర్తిగా తగ్గడానికి కొన్ని వారాలు పట్టవచ్చు, నీరసం నెలల తరబడి ఉండవచ్చు. డిశ్చార్జి చీటీలో రాసిన తేదీకి కాలేయం, క్రియాటినిన్ పరీక్షలు మళ్లీ చేయించండి. బిలిరుబిన్ ఒక్కటి తగ్గితే చాలనుకుని క్రియాటినిన్ వదిలేయవద్దు. కొందరిలో జబ్బు తగ్గిన వారాలకో నెలలకో కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, చూపు మసకబారుతుంది. అది కంటిలోపలి వాపు, కంటి వైద్యుడికి చూపించి ఎలుక జ్వరం వచ్చిందని చెప్పాలి. ఒకసారి వస్తే మళ్లీ రాదనే భరోసా ఈ జబ్బులో లేదు. ఈ బాక్టీరియాలో 250కి పైగా ఉపరకాలు ఉన్నాయి, ఒకదానిపై వచ్చిన రోగనిరోధక శక్తి మరొకదానిపై సరిగ్గా పనిచేయదు.

పొలంలో దిగే ముందు కాళ్లూ చేతులూ ఒకసారి చూసుకోండి. పుండు, పగులు ఉంటే నీరు చొరని ప్లాస్టర్ వేసి, వీలైనంత వరకు ఆ రోజు బురద పనికి వెళ్లకండి. మోకాళ్ల దాకా వచ్చే గంబూట్లు, రబ్బరు గ్లౌజులు మంచివే. నాట్లలో గంబూటు బురదలో దిగబడిపోయి పని సాగదని రైతులకు తెలుసు, అది నిజమే. అలాంటప్పుడు పుండ్లు కప్పుకోవడం, పని కాగానే ఆ కాలువ నీటితో కాకుండా బోరు నీటితో, సబ్బుతో కడుక్కోవడం, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకోవడం కనీసం పాటించండి. కడిగిన చేతులతోనే అన్నం మూట విప్పండి. కాలువ నీరు పుక్కిలించవద్దు. మురుగు కాలువలు తీసే పారిశుద్ధ్య కార్మికులకు బూట్లు, గ్లౌజులు ఇవ్వడం పని చేయించుకునేవారి బాధ్యత, అడిగి తీసుకోండి.

ఇంటి దగ్గర ధాన్యం, తవుడు, పశువుల దాణా మూత ఉన్న డబ్బాల్లో ఉంచండి, గోడల్లో బొరియలు పూడ్చండి, పాకలో నీరు నిలవకుండా వాలు చేయించండి. ఎలుకలకు బోనులు, బుట్టలు పెట్టడం మేలు. ఎలుకల మందుల్లో కొన్ని మనిషి కాలేయానికే ప్రాణాంతకం గనుక పిల్లలు తిరిగే ఇంట్లోకి వాటిని తేవద్దు. చచ్చిన ఎలుకను ఒట్టి చేతులతో ఎత్తకుండా, లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. పెంపుడు కుక్కకు ఏటా వేయించే టీకాల్లో లెప్టో టీకా ఉందో లేదో పశువైద్యుడిని అడగండి.

వరద రోజుల్లో గాని, జబ్బు ప్రబలిన ఊళ్లో నాట్ల కాలంలో గాని ముందు జాగ్రత్తగా వారానికి ఒకసారి డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు ఇచ్చే పద్ధతి ఉంది. కేరళ వరదల్లో సహాయక సిబ్బందికి, ముంపు ప్రాంతాలవారికి దీన్ని పెద్ద ఎత్తున ఇచ్చారు. ఇది ముప్పు ఎక్కువగా ఉన్న కొద్ది వారాలకే, వైద్యుడు గాని ఆరోగ్య కార్యకర్త గాని చెప్పినప్పుడే వాడవలసినది. గర్భిణులు, చిన్న పిల్లలు దీన్ని వాడకూడదు. దీన్ని వేసుకుంటున్నప్పుడు ఎండకు చర్మం త్వరగా కందుతుంది గనుక పొలంలో తలకు, చేతులకు గుడ్డ కప్పుకోండి. వారం వారం మాత్ర వేసుకుంటున్నా జ్వరం రావచ్చు. అలా వస్తే ఇంకో మాత్ర వేసుకుని ఊరుకోకుండా, ఏ తేదీల్లో వేసుకున్నారో రాసుకుని ఆ రోజే వైద్యుడి దగ్గరికి వెళ్లండి.